పొగబండి ఫోటో: నీలగిరి కొండ రైలును కెమెరాలో పట్టే పద్ధతి

మెట్టుపాళయం నుంచి పొద్దున్నే కొండ ఎక్కే నీలగిరి రైలుకు ఇంజన్ ముందు ఉండదు, వెనక ఉంటుంది. పెట్టెలను కింది నుంచి పైకి నెట్టుకుంటూ పోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక పాడైన ఫోటోలకు లెక్క లేదు. మలుపు దగ్గర కెమెరా ఎక్కుపెట్టి చాలాసేపు కాచుకున్నవారికి చివరికి దక్కేది నీలం, మీగడ రంగుల పెట్టె, దాని ముందు వసారాలో జెండా పట్టుకుని నిల్చున్న బ్రేక్‌మన్. పొగ కక్కే ఇంజన్ ఆ పెట్టెల చాటునే ఉండిపోతుంది. కెమెరా సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ ఇంజన్ ఎలా పనిచేస్తుందో తెలియాలి.

కోయంబత్తూరులో పీళమేడు వైపు తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రైలు చేతికందేంత దగ్గర. కోయంబత్తూరు నుంచి మెట్టుపాళయం సుమారు 35 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరి పొద్దుగూకేలోపు ఇల్లు చేరవచ్చు. మదురై తెలుగువారికి మాత్రం ముందురోజే కోయంబత్తూరు చేరి చుట్టాలింట్లో పడుకోవడం ఒక్కటే మార్గం. నీలగిరి రైలులాగే మీటర్ గేజ్ మీద మదురై నుంచి బోడినాయకనూరు వెళ్లే బండి 2010 చివర్లో ఆగిపోయింది. ఆ పట్టాలు బ్రాడ్ గేజ్‌గా మారి 2023లో మళ్లీ బోడి దాకా రైళ్లు నడిచాయి. ఇప్పుడు తమిళనాడులో మీటరు వెడల్పు పట్టాల మీద ప్రయాణికుల బండి చూడాలంటే నీలగిరికే రావాలి.

కెమెరా కూడా కోయంబత్తూరు తెలుగువారికి కొత్త కాదు. మోటార్లు, యంత్రాలతో పేరు పొందిన జి.డి. నాయుడు 1936లో లండన్‌లో అయిదో జార్జి రాజు అంత్యక్రియలను తన సొంత మూవీ కెమెరాతో తీశారు. ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో నుంచి 1954లో తెలుగులో ‘అగ్గిరాముడు’ను అందించారు. ఇక నీలగిరి రైలు దారిలోని కేత్తి స్టేషన్‌ను తెలుగు ప్రేక్షకులు ‘వసంత కోకిల’ పతాక సన్నివేశంలో చూసే ఉంటారు. దర్శకత్వం, ఛాయాగ్రహణం రెండూ బాలు మహేంద్రవే. మబ్బు, వాన, తడిసిన ప్లాట్‌ఫారం అడ్డంకులు కావని, అవే దృశ్యానికి ప్రాణమని ఆ సన్నివేశం ఎప్పుడో చూపించింది.

ఇంజన్‌తో పరిచయం

నీలగిరి కొండ రైలు దారి 46 కిలోమీటర్లకు కాస్త తక్కువ. 1899లో కూనూరు దాకా, 1908లో ఉదకమండలం (ఊటీ) దాకా బండి నడిచింది. సముద్రమట్టానికి సుమారు 326 మీటర్ల ఎత్తున మొదలై 2,203 మీటర్లకు చేరుతుంది. దారిలో 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు. యునెస్కో 2005లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. డార్జిలింగ్ రైలుకు ఆ గుర్తింపు 1999లోనే వచ్చింది.

కల్లారు నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పక్కపక్కనే ఇంకో రెండు పట్టీలు ఉంటాయి. వాటికి పళ్లుంటాయి. ఇంజన్ కింది పళ్ల చక్రం వాటిని పట్టుకుని ఎక్కుతుంది. దేశంలో ఇలాంటి రైలుదారి ఇదొక్కటే. నిటారు ఎంతంటే, దాదాపు పన్నెండు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. అందుకే బండి ఈ భాగంలో గంటకు 13 కిలోమీటర్లకు మించి పోదు. మెట్టుపాళయం, కల్లారు మధ్య చదును నేల మీద మాత్రం 30 దాకా అందుకుంటుంది.

ఇంజన్లది ఎక్స్ తరగతి. మొదటివి స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో 1914 నుంచి 1952 దాకా తయారయ్యాయి. 2011 తర్వాత తిరుచిరాపల్లి దగ్గరి పొన్మలై వర్క్‌షాపు కొత్తవి తయారుచేసింది. వాటిలో నూనెతో నడిచేవీ, బొగ్గుతో నడిచేవీ రెండూ ఉన్నాయి. ఫోటోకు ఈ తేడా ముఖ్యం. నూనె ఇంజన్ పొగ పలుచగా ఉంటుంది. బొగ్గు ఇంజన్ పొయ్యిలో బొగ్గు పడిన వెంటనే గొట్టం నుంచి నల్లటి పొగ లేస్తుంది. ఏ రోజు ఏ ఇంజన్ వస్తుందో మెట్టుపాళయం స్టేషన్లో వినయంగా అడిగితే సాధారణంగా చెబుతారు. సిబ్బంది మాట్లాడేది తమిళం. రెండు భాషల మధ్య పెరిగిన కోయంబత్తూరు, మదురై తెలుగువారికి ఇక్కడ ఉన్న వీలు విజయవాడ నుంచి వచ్చినవారికి ఉండదు. ‘అన్నా’ అని పిలిస్తే రెండు భాషల్లోనూ చెల్లుతుంది.

కూనూరులో ఆవిరి ఇంజన్ తప్పుకుంటుంది. అక్కడి నుంచి ఉదకమండలం దాకా రోజువారీ బండిని నడిపేది డీజిల్ ఇంజన్. ఊటీ స్టేషన్లో పొగ కోసం ఎదురుచూసేవారు ప్రతి సెలవుల్లోనూ కనిపిస్తారు, పాపం. ప్రత్యేక సందర్భాల్లోనో, పర్యాటకులు మొత్తంగా అద్దెకు తీసుకున్న చార్టర్ బండికో ఆవిరి ఇంజన్ కూనూరు దాటి రావచ్చు. ఆ విషయం ముందే కనుక్కోవాలి.

రోజు ఎంచుకోవడం

ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. అక్టోబరు 15 ఊటీకి మొదటి బండి వచ్చిన రోజు. ఇలాంటి రోజుల్లో అలంకరణ, పూలదండలు, బ్యాండు ఉంటాయి, వాటితోపాటు జనం కూడా. ఇంజన్ చుట్టూ ఫోన్లు పైకెత్తిన చేతులే కనబడితే ఏం చేయాలి? ఆ చేతులనే ఫోటో తీయాలి. వేడుక రోజున వేడుకను తీసి, ఇంజన్‌ను మామూలు రోజున తీయడం తెలివైన పని. అలంకరణ లేని మంగళవారం నాటి ఇంజనే ఫోటోకు అందంగా ఉంటుందన్నది చూసినవారికి తెలుస్తుంది.

అక్టోబరు వార్షికోత్సవానికి ఇంకో చిక్కు ఉంది. అది ఈశాన్య రుతుపవనాల కాలం. కొండచరియలు పట్టాల మీద పడి మెట్టుపాళయం, కూనూరు మధ్య బండ్లు రద్దవడం ఆ నెలల్లో మామూలే. మదురై నుంచి మూటాముల్లె సర్దుకుని బయలుదేరేముందు బండి ఉందో లేదో చూసుకోవాలి. వాన వెలిసిన మర్నాడు బండి నడిస్తే మాత్రం అంతకంటే మంచి రోజు లేదు. చల్లటి, తేమ ఉన్న గాలిలో ఆవిరి వెంటనే చిక్కబడి తెల్లటి మేఘంలా నిలుస్తుంది. ఎండ ముదిరిన మధ్యాహ్నం అదే ఆవిరి కంటికి కనబడకుండా కరిగిపోతుంది. మెట్టుపాళయం ఎండాకాలంలో ఉక్కపోత ఊరు. కాబట్టి డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, అదీ పొద్దున, పొగకూ ఆవిరికీ అనువైన వేళ.

చెన్నైలో బంధువులున్నవారికి ఇంకో అవకాశం ఉంది. 1855 నాటి ఈఐఆర్ 21 ఇంజన్‌ను పెరంబూరులో బాగుచేసి 2010 నుంచి స్వాతంత్ర్య దినం వంటి రోజుల్లో చెన్నైలో నడిపిస్తూ వచ్చారు. అక్కడ కొండలు లేవు. పైన కరెంటు తీగలు, చుట్టూ జనసముద్రం. ఆ బండికి దగ్గరి ఫోటోలే మేలు.

ఎక్కడ నిలబడాలి?

1. మెట్టుపాళయం ప్లాట్‌ఫారం. బండి చాలాకాలంగా ఉదయం 7:10కి బయలుదేరుతోంది. సమయం మారిందేమో టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోవాలి. ఆరు గంటలకల్లా చేరితే ఇంజన్ షెడ్డు నుంచి రావడం, నీళ్లు పట్టడం, నూనె వేయడం, పెట్టెలకు తగిలించడం అన్నీ దొరుకుతాయి. నిలిచి ఉన్న ఇంజన్‌కు ఎంత చిన్న కెమెరా అయినా చాలు. బయలుదేరే ఒక్క నిమిషం మాత్రం ప్రత్యేకం. చల్లబడిన సిలిండర్లలో చేరిన నీటిని బయటికి తోయడానికి డ్రైవర్ కుళాయిలు తెరుస్తాడు. చక్రాల పక్కనుంచి రెండువైపులా ఆవిరి జల్లుగా దూసుకొస్తుంది. ఆ ఆవిరి కాలుస్తుంది, లెన్సు మీద మంచులా కమ్ముతుంది. నాలుగడుగులు వెనక నిలబడితే ఆవిరి, చక్రాలు, డ్రైవర్ మొహం మూడూ ఒకే ఫ్రేములో వస్తాయి.

2. బండిలో కూర్చుని. ఎక్కేటప్పుడు ఇంజన్ వెనక ఉంటుంది గనక ముందు పెట్టెలో కూర్చున్నవారికి మలుపు తిరిగినప్పుడు కిటికీలోంచి వెనక్కి చూస్తే ఇంజన్ కనబడుతుంది. వెనక పెట్టెలో ఉన్నవారికి చప్పుడు ఎక్కువ, దృశ్యం తక్కువ. ముందు పెట్టె టికెట్ దొరకడం అదృష్టం. అయినా ప్రతి మలుపూ ఒకే వైపుకు తిరగదు, అడపాదడపా అవకాశం ఎవరికైనా వస్తుంది. ఇక్కడే పెద్ద ప్రమాదం. రాతి కోతలు, సొరంగం గోడలు పెట్టెకు చాలా దగ్గరగా పోతాయి. కెమెరా గాని, మోచెయ్యి గాని, తల గాని కిటికీ చట్రం దాటకూడదు. చట్రాన్నే ఫోటోకు అంచుగా వాడుకోవచ్చు. కిటికీ, పక్కన కూర్చున్న అవ్వ మొహం, దూరాన మలుపులో పొగ: ఇంతకంటే ఏం కావాలి?

3. హిల్‌గ్రోవ్. అడవి మధ్య స్టేషన్. ఇంజన్ నీళ్లు తాగడానికి బండి కాసేపు ఆగుతుంది, జనం దిగుతారు. అందరూ టీ వైపు పోతారు. టీ తర్వాతైనా తాగవచ్చు, ముందు ఇంజన్ దగ్గరికి పోవాలి. నీళ్లు పట్టే సిబ్బంది, నీరు పొంగే క్షణం, వెనక పచ్చటి కొండ. ఇక్కడి కోతులు తిండి పొట్లాలను వదలవు. మెడకు తగిలించని ఫోను, తెరిచిన బ్యాగు జేబులో ఉంచిన లెన్సు మూత వాటి కంటపడితే అంతే సంగతులు.

4. కూనూరు. ఇంజన్ విడిపోయి షెడ్డుకు వెళ్లే దృశ్యం, డీజిల్ వచ్చి తగులుకోవడం, ఊటీ వైపు పోవడానికి బండి కాస్త దూరం వెనక్కి నడవడం ఇక్కడ చూడవచ్చు. స్టేషన్ పక్కనే లెవెల్ క్రాసింగ్. గేటు వేసినప్పుడు ఆగిన స్కూటర్లు, కూరగాయల సంచులు, వెనక పొగ: ఊరూ రైలూ కలిసిన ఫోటో. షెడ్డు లోపలికి అనుమతి లేకుండా పోకూడదు.

5. తిరుగు బండి. ఊటీ నుంచి మధ్యాహ్నం దిగివచ్చే బండికి కూనూరు నుంచి ఆవిరి ఇంజన్ ముందుంటుంది. ఇంజన్ ముందుండే ఫోటో కావాలంటే దీన్నే పట్టాలి. చిక్కేమిటంటే దిగేటప్పుడు ఇంజన్‌కు పెద్దగా శ్రమ ఉండదు, పని అంతా బ్రేకులదే. పొగ తక్కువ. పైగా లోయలో వెలుతురు త్వరగా తగ్గుతుంది. ఎక్కే బండిలో పొగ ఉంటుంది, దిగే బండిలో ఇంజన్ ముందుంటుంది. రెండూ ఒకే ఫోటోలో కావాలనుకుంటే నిరాశే. రెండు వేర్వేరు ఫోటోలుగా అనుకుంటే పని సులువవుతుంది.

కెమెరా అమరిక

గంటకు 13 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 3.6 మీటర్లు. షటర్ సెకనులో 250వ వంతు తెరిస్తే ఆలోపు బండి కదిలేది ఒకటిన్నర సెంటీమీటరు లోపే. అంటే కొండ మీద 1/250 సరిపోతుంది. కల్లారు ముందు చదును నేల మీద 1/500 పెట్టాలి. వెయ్యి, రెండు వేలు పెట్టి ఐఎస్‌ఓ పెంచుకుని ఫోటోను గరుకు చేసుకోవడం ఎందుకు? నిదానంగా నడిచే బండిని అంతగా గడ్డకట్టిస్తే అది బొమ్మ రైలులా నిలిచిపోతుంది కూడా. చక్రాలను కలిపే కడ్డీలు కాస్త చెదిరినట్టు కనబడితేనే కదలిక తెలుస్తుంది. ధైర్యమున్నవారు 1/30 పెట్టి, బండితోపాటే కెమెరాను సమంగా తిప్పుతూ నొక్కవచ్చు. పదింట్లో ఒకటి బాగా వచ్చినా చాలు.

అసలు కష్టం వెలుతురుది. ముదురు రంగు ఇంజన్, పక్కనే తెల్లటి ఆవిరి. పెళ్లిలో మధుపర్కాల తెలుపునూ హోమం పొగలో కూర్చున్న పెళ్లికొడుకు ముఖాన్నీ ఒకేసారి నిలపాల్సిన ఫోటోగ్రాఫర్‌ది కూడా ఇదే అవస్థ. ఇంజన్ ఫ్రేమంతా నిండితే కెమెరా చీకటి అనుకుని వెలుతురు పెంచుతుంది, ఆవిరి తెల్లకాగితమైపోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతులు తగ్గించాలి. ఆవిరే ఫ్రేము నిండితే కథ తిరగబడుతుంది, కాస్త పెంచాలి. సందేహం వస్తే తెలుపును కాపాడటమే మంచిది. నీడలో దాగిన వివరాన్ని తర్వాత కొంత పైకి తేవచ్చు. కాలిపోయిన తెలుపులో తేవడానికి ఏమీ మిగలదు. వీలున్న కెమెరాలో రా ఫైలు పెట్టుకుంటే ఈ పని ఇంకా తేలిక.

ఫోన్‌తో తీసేవారు చేయాల్సినవి కొన్నే. బండి రాకముందే, అది వచ్చే చోటున్న పట్టా మీద తెరను కాసేపు నొక్కి పట్టి ఫోకస్, వెలుతురు రెండూ బిగించుకోవాలి. లేకపోతే పొగ కమ్మిన క్షణాన ఫోన్ దేన్ని చూడాలో తెలియక తడబడుతుంది. హెచ్‌డీఆర్ ఆపేస్తే మంచిది. అది రెండు మూడు ఫోటోలను కలుపుతుంది, ఆలోపు పొగ కదిలి అంచుల్లో మచ్చలు పడతాయి. వేళ్లతో లాగి జూమ్ చేయడం కంటే రెండడుగులు ముందుకు వేయడం మేలు, అదీ ప్లాట్‌ఫారం అంచు గీత దాటకుండా. వీడియో తీసేవారు ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి. ఈ ఇంజన్ కొండ ఎక్కేటప్పుడు నాలుగు సిలిండర్లతో పనిచేస్తుంది. ఆ ఊపిరి చప్పుడు వినబడాలంటే మధ్యలో వ్యాఖ్యానం ఆపాలి.

తరచు జరిగే పొరపాట్లు

ఇంజన్ ఒక్కటే తీయడం మొదటిది. పీళమేడు నుంచి తాత, మనవరాళ్లతో ఒక కుటుంబం వచ్చిందనుకుందాం. నాన్న ఇంజన్ చుట్టూ తిరిగి బాయిలర్‌ను అన్ని పక్కల నుంచీ తీస్తాడు. ఇంటికొచ్చాక చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. మీటర్ గేజ్ రోజుల్లో బొగ్గునుసి కంట్లో పడిన కథ చెబుతూ ఇంజన్ వైపు వేలు చూపించిన తాత ఒక్కదాంట్లోనూ ఉండడు. ఇరవై ఏళ్లకు ఇంటివారు వెతికేది ఏ ఫోటో?

బ్రేక్‌మన్లను పట్టించుకోకపోవడం రెండోది. ఈ బండిలో పెట్టె పెట్టెకూ బ్రేకు వేసే మనిషి ఉంటాడు. ఇంజన్ కూతను బట్టి బ్రేకులు నడుపుతారు. ముందు వసారాలోని మనిషి దారి చూసి జెండా ఊపుతాడు. ఎక్కే బండిని ఎదురుగా తీయాల్సి వస్తే ఆ మనిషే కథానాయకుడు. మొదట చెప్పిన మలుపులో నిరాశపడినవారి చేతిలో నిజానికి మంచి ఫోటోనే ఉండి ఉంటుంది. దగ్గర నుంచి తీసేటప్పుడు మాత్రం ముందు అడగాలి. పనిలో ఉన్నప్పుడు ఇటు చూడమని పిలవకూడదు.

పట్టాల మీదికి దిగడం పొరపాటు కాదు, నేరం. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ కింద అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి చొరబడితే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మెట్ల మీద వేలాడేవారికి 156వ సెక్షన్ ఉంది. చట్టం పక్కన పెట్టినా కల్లారు పరిసరాలు ఏనుగులు తిరిగే దారి. మంచి కోణం కోసం అడవిలో పట్టాల వెంట నడవమని ఎవరు సలహా ఇచ్చినా వినకూడదు. ఘాట్ రోడ్డు పక్కన వాహనం ఆపడానికి వీలైన చోట ఆగి, దూరం చూసే లెన్సుతో తీసేవి చాలు. డ్రోన్ ఎగరేయడానికి విడిగా అనుమతులు కావాలి. అవి లేకుండా దాన్ని ఇంట్లోనే వదిలి రావాలి.

సంచిలో ఏం ఉండాలి? మెత్తటి గుడ్డలు రెండు, అదనపు బ్యాటరీ, కెమెరా తడవకుండా ప్లాస్టిక్ సంచి. మెట్టుపాళయం వేడి నుంచి కూనూరు చలిలోకి పోతారు గనక పల్చటి స్వెట్టరు. ట్రైపాడ్ రద్దీ ప్లాట్‌ఫారం మీద అందరి కాళ్లకూ అడ్డం.

ఇంటికొచ్చాక

చిన్న తెర మీద చూసి అక్కడికక్కడే చెరిపేయడం తొందరపాటు. పొగలోని వివరం పెద్ద తెర మీదే తెలుస్తుంది. ఎంపికలో కఠినంగా ఉండాలి. ఇరవై మంచి ఫోటోలున్న ఆల్బమ్‌ను చుట్టాలు చివరిదాకా చూస్తారు, మూడు వందలుంటే పదో దానికే కాఫీ అడుగుతారు. రంగులు మరీ పెంచితే నీలగిరి పచ్చదనం ప్లాస్టిక్ అవుతుంది. పొగ ఉన్న ఫోటోలు నలుపు తెలుపుల్లో చాలాసార్లు మెరుగ్గా ఉంటాయి. అందరూ ఒప్పుకోరు గానీ, ఒకసారి మార్చి చూడటంలో నష్టం లేదు.

ప్రతి ఫోటోకు తేదీ, స్టేషన్, ఎక్కే బండా దిగే బండా, ఇంజన్ సంఖ్య రాసి పెట్టాలి. ఎక్స్ తరగతి ఇంజన్ మీద 37తో మొదలయ్యే ఐదంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని విడిగా ఒక ఫోటో తీసుకుంటే గుర్తుపెట్టుకునే పని ఉండదు. ఇంట్లో పెద్దల దగ్గర పాత మీటర్ గేజ్ స్టేషన్ల నలుపు తెలుపు ఫోటోలుంటే, వాటినీ స్కాన్ చేయించి, ఎవరు, ఎక్కడ అన్నది వారు చెప్పగలిగినప్పుడే రాసుకోవాలి.

టికెట్ల రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఏప్రిల్, మే సెలవుల సీట్లకు మొదటి రోజే ప్రయత్నించాలి. ఇంటి ఆల్బమ్ కోసం స్టేషన్లో ఫోటో తీసుకోవడానికి అభ్యంతరం ఉండదు. పుస్తకానికో, ప్రకటనకో, అమ్మకానికో తీసేవారు మాత్రం ముందుగా దక్షిణ రైల్వే అనుమతి తీసుకోవాలి. నీలగిరి కొండ రైలు ఆ రైల్వేలోని సేలం డివిజన్ కిందికి వస్తుంది.